కొత్తగా ఏర్పడిన దేశానికి ప్రపంచంలో వచ్చే పేరులో విదేశీ మీడియా పాత్ర ఎంత?

చాలానే. ముఖ్యంగా ఏది చూపించాలో, ఏది వదిలేయాలో ఎంచుకోవడంలో. చిన్న, కొత్త దేశాల్లో విదేశీ పత్రికలకు సొంత విలేకరులు ఉండటం అరుదు. రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), ఏఎఫ్‌పీ లాంటి అంతర్జాతీయ వార్తా సంస్థలు పంపిన వార్తే అన్నిచోట్లా తిరుగుతుంది.

ఒకప్పుడు ఇండోనేషియా ఆక్రమణలో ఉన్న తూర్పు తిమోర్ సంగతి చూడండి. 1991 నవంబరు 12న రాజధాని దిలీలోని శాంతాక్రూజ్ శ్మశానం దగ్గర ఇండోనేషియా సైనికులు జనంపై కాల్పులు జరిపారు. జర్నలిస్టు మాక్స్ స్టాల్ తీసిన వీడియో రహస్యంగా దేశం దాటాక ప్రపంచం అక్కడి స్వాతంత్ర్య పోరాటాన్ని గట్టిగా పట్టించుకుంది. అక్కడ మీడియా మేలే చేసింది. 2002లో స్వాతంత్ర్యం వచ్చాక మాత్రం కెమెరాలు పలచబడ్డాయి. 2006లో అల్లర్లు రేగితే మళ్లీ దిగాయి. మధ్యలో కట్టుకున్న బడులు, కోర్టులు పెద్దగా వార్త కాలేదు. దక్షిణ సూడాన్‌దీ ఇంచుమించు ఇదే కథ: 2011 జులైలో స్వాతంత్ర్య సంబరాలు, 2013 డిసెంబరు నుంచి అంతర్యుద్ధం.

రాసింది అబద్ధమని కాదు, యుద్ధం నిజమే. కానీ పెట్టుబడిదారులు, పర్యాటకులు ఆ నాలుగు వార్తలతోనే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. ఆ అభిప్రాయాన్ని మార్చడానికి పీఆర్ (ప్రచార) కంపెనీలకు డబ్బు పోసే ప్రభుత్వాలూ ఉన్నాయి. నన్నడిగితే, స్థానిక విలేకరులను స్వేచ్ఛగా రాయనివ్వడమే మేలు. బయటి నుంచి వచ్చే జర్నలిస్టులు చాలావరకు ఆధారపడేది వాళ్లమీదే.