టెక్ సందేహాలు: ప్రైవేట్ ఐపీయే కదా అని పోర్టులన్నీ తెరిచేస్తారా?

ప్రశ్న: క్లౌడ్‌లో నాలుగు సర్వర్లకు ఉమ్మడిగా ఎన్ఎఫ్ఎస్ షేర్ (నెట్‌వర్క్ మీదుగా వాడుకునే ఫైళ్ల ఫోల్డర్) పెట్టాం. మౌంట్ చేయబోతే (సర్వర్‌కి కలపబోతే) టైమవుట్ వచ్చేది. సెక్యూరిటీ గ్రూప్‌లో (ఎవరిని రానివ్వాలో చెప్పే రూల్స్‌లో) అన్ని పోర్టులూ 0.0.0.0/0కి, అంటే ఏ అడ్రస్‌కైనా, తెరిస్తే పనిచేసింది. షేర్‌కి ఉన్నది ప్రైవేట్ ఐపీయే కదా, ఇలాగే ఉంచితే నష్టమా?

జవాబు: నష్టమే. ఈ రోజే మూసేయండి. ఇదే ప్రశ్న ఎంతమందికి జవాబిచ్చినా మళ్లీ వస్తూనే ఉంది.

ప్రైవేట్ ఐపీ ఉంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా రాలేరు, అంతవరకే. పీరింగ్ చేసిన (మీ నెట్‌వర్క్‌తో నేరుగా కలిపిన) టెస్టింగ్ నెట్‌వర్క్, వీపీఎన్‌తో కలిసిన ఆఫీసు, ఆ ఆఫీసు వైఫైలో తిరిగే ల్యాప్‌టాప్‌లు అన్నీ లోపలివే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఎన్ఎఫ్ఎస్ తీరు. మామూలు సెటప్‌లో అది పాస్‌వర్డ్ అడగదు. ‘నేను యూజర్ 1001ని’ అని క్లయింట్ చెబితే సర్వర్ నమ్మేస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో రూట్ అధికారం ఉన్న ఎవరైనా ఆ నంబరుతో యూజర్‌ని సృష్టించుకుని మీ ఫైళ్లు చదవొచ్చు, చెరిపేయొచ్చు. రూట్ స్క్వాష్ పెట్టామంటారు. అది ఆపేది యూజర్ 0ని, అంటే రూట్‌ని మాత్రమే. క్లయింట్ ఎవరో రుజువు అడిగే కెర్బరోస్ పెట్టుకోనంతవరకు మీ షేర్‌కి ఉన్న తాళం నెట్‌వర్క్ ఒక్కటే. దాన్నే మీరు తీసేశారు.

విండోస్ షేర్ల సంగతి 2017 మేలో చూశాం. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ఆ షేర్లు వాడే 445 పోర్టు మీదుగా ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్ల దగ్గర, లోపలి నెట్‌వర్కే కదా అని తెరిచి ఉంచిన పోర్టులే దానికి దారి ఇచ్చాయి.

మీ షేర్‌ని ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 4తో మౌంట్ చేయండి, టీసీపీ 2049 ఒక్కటి చాలు. వెర్షన్ 3కి 111తో పాటు మరికొన్ని పోర్టులు కావాలి. అక్కడ విసిగిపోయే చాలామంది అన్నీ తెరిచేస్తున్నారు. సోర్స్ దగ్గర ఐపీ రేంజ్ కాకుండా ఆ నాలుగు సర్వర్ల సెక్యూరిటీ గ్రూప్‌ని ఇవ్వండి.

నా కోపం మీ మీద కన్నా క్లౌడ్ కన్సోల్ (షేర్ సృష్టించే వెబ్ పేజీలు) తయారుచేసినవాళ్ల మీదే ఎక్కువ. ఎన్ని టెరాబైట్లు, ఎంత వేగం అని మొదటి పేజీలోనే అడుగుతారు. ఏ సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లోని ఏ అడ్రస్‌ల ముక్క), ఏ గ్రూప్ అన్నది ‘అడ్వాన్స్‌డ్’ వెనక దాచి, షేర్‌ని డిఫాల్ట్ నెట్‌వర్క్‌లో పడేస్తారు. ఆ ఎంపిక తర్వాత మార్చే వీల్లేకపోతే కొత్త షేర్ తీసుకుని డేటా మొత్తం కాపీ చేసుకోవాల్సిందే. టైమవుట్ దగ్గర ‘ఫలానా రూల్ 2049ని ఆపింది’ అని ఒక్క ముక్క చూపిస్తే 0.0.0.0/0 పెట్టాల్సిన అవసరం ఎవరికొస్తుంది? ఏ రూల్ ఆపిందో ప్లాట్‌ఫామ్‌కి తెలుసు. వెతుక్కోవాల్సింది మాత్రం మీరు, అదీ ఫ్లో లాగ్‌లు (ట్రాఫిక్ రికార్డులు) ముందే ఆన్ చేసుకుని ఉంటేనే.

ప్రశ్న: ఐపీలు ఖాళీ లేవంటూ షేర్ క్రియేట్ అవడం లేదు. సబ్‌నెట్ /28.

జవాబు: /28లో ఉండేవి 16 అడ్రస్‌లే, వాటిలో కొన్ని ప్లాట్‌ఫామ్ తనకే ఉంచుకుంటుంది. స్టోరేజీకి విడిగా /26 ఇవ్వండి, 64 వస్తాయి. వీపీఎన్ అవతల ఆఫీసు వాడే రేంజ్‌తో అది కలవకుండా ముందే చూసుకోండి.