టిఫిన్ సెంటర్ పనివాళ్లకు మెడికల్ సర్టిఫికెట్ నిజంగా అవసరమా?

లైసెన్సు తీసుకుని టిఫిన్ సెంటర్ పెడుతున్నానని, నలుగురు పనివాళ్లకు మెడికల్ సర్టిఫికెట్లు తప్పవా అని అడిగారు. తప్పవండీ. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో లైసెన్సు నిబంధనలు వచ్చాయి. వాటి నాలుగో షెడ్యూలు ప్రకారం ఏడాదికోసారి పనివాళ్లకు వైద్య పరీక్ష, టైఫాయిడ్ లాంటి జబ్బులకు టీకా ఉండాలి. అంటువ్యాధి ఉన్నవాళ్లను పనిలోకి రానివ్వకూడదు. చేతికి గాయమైతే కట్టు కట్టి, ఆహారం ముట్టుకోకుండా చూడాలి.

నన్ను దెబ్బతీసింది ఈ చివరి మాటే. పదేళ్ల కిందట మా దగ్గర చట్నీ రుబ్బే కుర్రాడికి కొబ్బరికాయ కొడుతుంటే వేలు తెగింది. రెండు రోజులకు చీము పట్టింది. తడిసిన గుడ్డపీలిక చుట్టుకునే రుబ్బాడు. నేను చూశాను, ఆదివారం రద్దీ కదా అని ఊరుకున్నాను. తెల్లవారుజామున రుబ్బిన ఆ చట్నీ పది గంటల దాకా గిన్నెలోనే ఉంది. మధ్యాహ్నానికి పక్క హాస్టల్ పిల్లలు తొమ్మిది మందికి వాంతులు. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది, సాంబారు మరుగుతుంది, చట్నీకి మాత్రం నిప్పు తగలదు. పైగా చీములోని క్రిములు వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదని డాక్టరు చెప్పారు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించినప్పుడు నాకు ఆ చట్నీ గిన్నే గుర్తొచ్చింది.

ఆ కుర్రాడి సర్టిఫికెట్ అప్పటికి రెండు నెలల కిందటిదే, గోడకు వేలాడుతోంది. ఎందుకు చెప్పలేదురా అంటే, “సెలవు పెడితే ఆ రోజు కూలి రాదు కదా అన్నా” అన్నాడు. వాడి తప్పు ఏముంది? అప్పటి నుంచి జ్వరమో, విరేచనాలో, చేతికి పుండో ఉందని చెప్పినవాళ్లకు కూలి ఇచ్చే ఇంటికి పంపుతున్నాను. మీరూ మొదటి రోజే ఈ మాట అందరి ముందూ చెప్పండి. కూలి కోస్తే జబ్బు దాస్తారు, ఏ నిబంధనా దాన్ని ఆపలేదు.

చట్నీ రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా రుబ్బించండి. సర్టిఫికెట్ల కోసం పనివాళ్లను డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. కాగితాలు మాత్రమే పంపితే సంతకం పడుతుందేమో గానీ పరీక్ష జరగదు. చేతులు, చర్మం, కళ్లు చూడమని అడగండి, టీకా వేసిన తేదీ కూడా రాయించండి.