రెటీనా బాగుందన్నా కంట్లో గరగర తగ్గకపోతే

అక్కా, అమ్మకు పన్నెండేండ్లుగా షుగర్, రెటీనా బాగుందన్నారు, అయినా కంట్లో ఇసుక పడినట్టు గరగర, చూపు మసక అని రాసినారు కదా. రెటీనా కంటి వెనక పొర. అమ్మ బాధ కంటి ముందున్న అద్దంలాంటి పొర కార్నియాది, దాన్ని తడిపే కన్నీటిది అయ్యుండొచ్చు.

షుగర్‌తో పాదాలు మొద్దుబారినట్టే కార్నియా నరాలూ మొద్దుబారొచ్చు. కన్ను ఎండిందని ఆ నరాలు చెప్పకపోతే కన్నీళ్లు సరిగా ఊరవు, రెప్పలు కొట్టడమూ తగ్గుతుంది. పైపొర గీసుకుపోతే మామూలువాళ్లకు ఒకట్రెండు రోజుల్లో మానేది వీళ్లకు తొందరగా మానదు.

నాకు ఎక్కువ భయం నొప్పి తెలియనప్పుడే. అనంతపురం దగ్గర మా చేన్లో శెనక్కాయలు ఆడిస్తుంటే మా నాయన కంట్లో పొట్టు పడింది. నొప్పే లేదన్నాడు. మూడోనాటికి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ! పుండు పడిందన్నారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

కార్నియా చూసే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుతురులో చూస్తే పైపొర లేచిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు ఉంచుతారు, తడి 5 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే కన్ను బాగా ఎండినట్టే. కన్ను తడిపే చుక్కలు రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సొస్తే ప్రిజర్వేటివ్ (చెడిపోకుండా కలిపే మందు) లేనివి రాయించుకోండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) కూడా చేయించండి.

మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేయొద్దక్కా, ఆముదం, తేనె కూడా వద్దు. కన్ను ఎర్రబడినా, తెల్లమచ్చ కనిపించినా, నొప్పి లేకపోయినా సరే, ఆరోజే తీసుకుపోండి.