టెక్ సందేహాలు: ఫోన్ పనోరమాని వేలితో తిప్పి చూపించాలంటే

"కడియపులంకలో మాకు నర్సరీ ఉందండి. బయటి ఊళ్ల నుంచి ఆర్డర్లు ఇచ్చేవాళ్లు తోట మొత్తం ఒకసారి చూపించమంటారు. ఫోన్‌లో పనోరమా తీసి మా సైట్‌లో పెడితే సన్నటి రిబ్బన్ ముక్కలా కనిపిస్తోంది. హోటళ్ల సైట్లలో వేలితో లాగితే గది చుట్టూ తిరుగుతుంది కదా, అలా రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?"

ఏదీ కొననక్కర్లేదండి. ముందు మీ ఫోటో ఎన్ని డిగ్రీలు పట్టిందో తేల్చుకోండి, తేడా అంతా అక్కడే వస్తుంది. హోటల్ సైట్‌లో మీరు చూసింది చుట్టూ 360 డిగ్రీలు, నేల నుంచి నెత్తి మీది దాకా 180 డిగ్రీలు పట్టిన ఫోటో. దాని వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెట్టింపు ఉంటుంది, విడిగా తెరిచి చూస్తే పైభాగం, కింది భాగం సాగదీసినట్టు వికారంగా ఉంటాయి. ఈక్విరెక్టాంగులర్ అంటారు దాన్ని. ఫోన్ పనోరమా అలాంటిది కాదు, చుట్టూ సగమో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది, పైన ఆకాశం ఉండదు, కాళ్ల దగ్గర కుండీలు ఉండవు. ఆ సంగతి చెప్పకుండా, ఫోటోని అలా తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్‌లోకి (వ్యూయర్ అంటారు) ఎక్కించారనుకోండి, అది మీ ఫోటోని పూర్తి 360 అనుకుని గోళం మొత్తానికి పరిచేస్తుంది, దాంతో మోకాలెత్తు క్రోటన్ మొక్కలు కాస్తా కొబ్బరిచెట్లంత పొడుగు సాగుతాయి.

నా ఓటు పానెల్లమ్ అనే వ్యూయర్‌కి. ఉచితం, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, చూసేవాళ్లు ఏ యాప్‌నీ వేసుకోనక్కర్లేదు. ఫోటో అడ్డంగా ఎన్ని డిగ్రీలు, నిలువుగా ఎన్ని డిగ్రీలు అని చెప్పడానికి అందులో రెండు సెట్టింగులున్నాయి, మీకు కావలసింది అవే. అడ్డం కొలత కోసం తోటలో మీరు తీసిన చోటే నిలబడి, ఫోటో ఎడమ చివర ఉన్న వస్తువు వైపు ఒకసారి, కుడి చివర ఉన్నదాని వైపు ఒకసారి ఫోన్ దిక్సూచి పెట్టి చూడండి, రెండిటి తేడానే మీ లెక్క (ఉత్తరం దాటితే 360 కలిపి తీసేయాలి, మర్చిపోకండి). అది 180 వచ్చిందనుకుందాం, ఫోటో 12000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉందనుకుందాం. ఎత్తు వెడల్పులో నాలుగో వంతు కాబట్టి నిలువు కొలత సుమారు 45 డిగ్రీలు. ఈ రెండూ వేశాక చూపు ఫోటో దాటి నల్లటి ఖాళీలోకి పోతుంటే, ఆ ఖాళీ కనిపించకుండా ఆపే ఆప్షన్ కూడా ఉంది, ఆన్ చేసేయండి.

రెండు చోట్ల చాలామంది చిక్కుకుంటారు. ఒకటి, పానెల్లమ్ పెట్టిన పేజీ ఫైల్‌ని కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఎర్రర్ వస్తుంది, ఫోటో పాడైపోయిందని టెన్షన్ పడతారు. పాడవలేదు, కంప్యూటర్‌లోని ఫైళ్లను అలా నేరుగా చదవడానికి బ్రౌజర్ ఒప్పుకోదు అంతే, సైట్‌లోకి ఎక్కించి చూడండి. రెండోది సైజు. పాత ఫోన్లలో గ్రాఫిక్స్ చిప్ 4096 పిక్సెళ్లకు మించిన బొమ్మని ఒక్క ముక్కగా తీసుకోలేదు, కాబట్టి అంతకు కుదించి పెట్టండి, లేదా పానెల్లమ్‌తో వచ్చే స్క్రిప్ట్‌తో ముక్కలు చేయండి.

అయితే నన్నడిగితే, కేవలం తోట చూపించడానికైతే ఇంత కూడా అక్కర్లేదు. పేజీలో ఒక పెట్టె పెట్టి, అందులో ఫోటోని పెట్టె ఎత్తుకి సరిపడా పెద్దగా వదిలేసి, అడ్డంగా స్క్రోల్ అయ్యేలా చేయమని మీ సైట్ కుర్రాడికి చెప్పండి, రెండు లైన్ల పని, ఏ డొక్కు ఫోన్‌లోనైనా ఆడుతుంది. గులాబీల వరస మీద నొక్కితే రకం, ధర రావాలి, అక్కణ్ణుంచి షేడ్‌నెట్ లోపలికి వెళ్లాలి అంటే మాత్రం పానెల్లమ్‌కి రండి, అలా నొక్కే చోట్లు (హాట్‌స్పాట్లు) అందులో ఉన్నాయి. గూగుల్ వాళ్ల మార్జిపానో టూల్‌లో కోడ్ రాయకుండానే ఇవన్నీ చేసుకోవచ్చు గానీ అది పూర్తి 360 ఫోటోలకే పనికొస్తుంది.

"నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్తూ పనోరమా తీశాను. గట్టు మెలికలు తిరిగింది, ఒకే కొబ్బరిచెట్టు రెండుసార్లు పడింది. ఏ సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాలి?"

దేనితోనూ సరికాదు. పనోరమా అంటే కెమెరా ఒకచోటే ఉండి తిరగాలి. పంటు కదులుతుంటే దగ్గరి పడవ ఎక్కువ జరుగుతుంది, దూరపు గట్టు తక్కువ జరుగుతుంది, రెండూ కలిసేలా అతకడం కుదిరే పని కాదు. పంటు రేవులో ఆగి ఉన్నప్పుడు తీయండి, అప్పుడు కూడా చెయ్యి చాచి ఒళ్లంతా తిప్పకుండా, ఫోన్ ఉన్నచోటే ఉంచి దాని చుట్టూ మీరు తిరగండి. ఐఫోన్ అయితే ముందు తెర మీద కాసేపు నొక్కిపట్టి వెలుతురు లాక్ చేసుకోండి, లేకపోతే సూర్యుడి వైపు తిరగగానే ఫోటోలో వెలుతురు మారిపోతుంది.

"ఫోటోలు అతికి పనోరమా చేయడానికి మైక్రోసాఫ్ట్ ఐస్ వాడేవాణ్ణి. కొత్త ల్యాప్‌టాప్‌లో వేద్దామంటే దొరకట్లేదు. బదులు ఏముంది?" – అమలాపురం నుంచి ఒక ఫోటోగ్రాఫర్.

దొరకదు. పనోరమాలు పెట్టుకునే ఫోటోసింథ్‌ని మైక్రోసాఫ్ట్ 2017లో మూసేసింది, తర్వాత ఐస్‌ని కూడా సైట్ నుంచి తీసేసింది. మంచి సాఫ్ట్‌వేర్‌ని అలా వదిలేశారే అని నాకు ఇప్పటికీ కోపమే. హ్యూగిన్ వాడండి, ఉచితం. హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ ప్రొఫెసర్ రాసిన పనోరమా టూల్స్ పునాది మీద కట్టినది. ఐస్ అంత సులువు కాదు, మొదట్లో విసిగిస్తుంది. కానీ కోనసీమలో తీసే ఫోటోలకి అందులో ఒక సుఖం ఉంది: గాలికి ఊగే కొబ్బరి మట్టలు ఒక ఫోటోలో ఒకచోట, పక్క ఫోటోలో ఇంకోచోట పడి అతుకు దగ్గర చెదిరిపోతుంటాయి కదా, మాస్క్ ట్యాబ్‌లో ఆ మట్ట చుట్టూ గీత గీసి ఒక ఫోటోలోంచి తీసేస్తే రెండోదాన్నే తీసుకుంటుంది. ఫోటోకీ ఫోటోకీ మూడో వంతు కలిసేలా తీస్తే అతకడంలో ఇబ్బంది ఉండదు.

"అంతర్వేదిలో మా బావగారు 360 కెమెరాతో తీసి వాట్సాప్‌లో పంపారు. ఫేస్‌బుక్‌లో పెడితే మామూలు ఫోటోలాగే కనిపిస్తోంది, తిరగట్లేదు."

ఫోటో లోపల 'ఇది 360' అని చెప్పే జీపానో సమాచారం ఒకటి ఉంటుంది, తిప్పాలో వద్దో ఫేస్‌బుక్ దాన్ని చూసే తేల్చుకుంటుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ చిన్నదవుతుంది, ఆ సమాచారం ఊడిపోతుంది. బావగారిని అదే ఫైల్‌ని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి. ఆయన ఫోన్‌లోంచి డిలీట్ చేసేసి ఉంటే, మీ దగ్గరున్న కాపీ వెడల్పు ఎత్తుకి రెట్టింపు ఉందో లేదో చూసి, ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ సమాచారాన్ని తిరిగి రాయొచ్చు. ఫోటో తిరుగుతుంది గానీ, పోయిన స్పష్టత మాత్రం రాదు.