ఇరవై ఏళ్లలోపు వారికి కూడా గుండెపోటు వస్తుందా?

వస్తుంది, కానీ చాలా అరుదు. ఆడుతూనో పరుగెడుతూనో కుప్పకూలిన పిల్లల విషయంలో మనం గుండెపోటు అని పిలిచేది చాలావరకు కార్డియాక్ అరెస్ట్. అంటే రక్తనాళం పూడుకుపోవడం కాదు, పుట్టుకతో వచ్చిన లోపం వల్ల మందమైన గుండె కండరంలోనో, గుండెలోని విద్యుత్ ప్రసారంలోనో లయ తప్పి గుండె ఆగిపోవడం. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో మ్యాచ్ మధ్యలో ఇలాగే పడిపోయిన డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు, 29 ఏళ్ల క్రిస్టియన్ ఎరిక్సన్, మైదానంలోనే ఛాతీ నొక్కి, గుండెకు విద్యుత్ షాక్ ఇవ్వడం వల్ల బతికాడు.

నిజమైన గుండెపోటు వెనుక పొగతాగడం, మధుమేహంతో పాటు వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ కూడా ఉండవచ్చు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం సంక్రమిస్తే బాల్యంలోనే మోచేతుల మీద, మడమల వెనుక పసుపుపచ్చని కణుతులు లేస్తాయి. మేనరికాలున్న మన కుటుంబాలలో వీటిని చర్మవ్యాధిగా భావించి పైపూతలతో కాలం గడపడం ఎంతమాత్రం తగదు.

పరుగెత్తుతుండగా స్పృహ తప్పినా, రక్తసంబంధీకులెవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినా ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తప్పక చేయించాలి. ఎవరైనా పడిపోయి, పిలిచినా పలకక, శ్వాస సరిగా ఆడకపోతే, నోట్లో నీళ్లు పోయకుండా 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతున నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.