బాయో మీద నువ్వు పంపిన వ్యాసం గురించి

అమ్మాయీ,

నీ వ్యాసం చేరింది. ప్రింటు తీయించి మరీ చదివాను, తెర మీద చదివితే నాకు తప్పులు దొరకవు. "ఉన్నదున్నట్టు చెప్పండి మాస్టారూ, ఫీలవను" అన్నావు కాబట్టి చెబుతున్నాను. ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు ఆ చిన్న ఊరు బాయో గురించి నువ్వు రాయనిది లేదు. రోమన్లు పెట్టిన అగస్టోడురుమ్ అనే పేరు దగ్గర్నుంచి ఇప్పటి 13 వేల జనాభా దాకా అన్నీ ఉన్నాయి. కానీ చదివాక నాకు ఊరు కనబడలేదు, ఊరి బయోడేటా కనబడింది.

ముందు చిన్నవి. ఒకచోట బేయెక్స్ అనీ ఇంకోచోట బాయో అనీ రాశావు. చివరి ఎక్స్‌ని ఫ్రెంచివాళ్ళు పలకరు. బాయో అనే ఉంచు. "ప్రకృతి ఒడిలో ఒదిగిన" కొట్టెయ్. "చరిత్ర పుటల్లో" కూడా కొట్టెయ్, మనవాళ్ళు తిప్పీ తిప్పీ ఆ పుటలు ఎప్పుడో చిరిగిపోయాయి.

ఇక అసలు సంగతి. పాత ఊళ్ళ మీద రాయబోయే వాళ్ళందరూ 'ఇది ఎంత పాతది' అని అడుగుతారు. నువ్వూ అదే అడిగావు. నేను నలభై ఏళ్ళుగా గుళ్ళ మీదా కోటల మీదా రాస్తున్నాను. ఇప్పుడు మాత్రం ఎక్కడికెళ్ళినా 'ఇది ఇంకా ఎందుకుంది' అని అడుగుతాను. పాత వస్తువు ఏదైనా సరే, అది పోవాల్సిన రోజు ఒకటి వచ్చే ఉంటుంది. ఆ రోజు ఎవరో అడ్డం పడి ఉంటారు, లేదంటే దాని అదృష్టం బాగుండి ఉంటుంది. బాయోలో అలాంటి రోజులు వీధికొకటి దొరుకుతాయి. నువ్వు వాటి పక్క నుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయావు.

ఆ పొడుగు బట్ట సంగతే చూడు, నార్మండీ డ్యూక్ విలియం 1066లో ఇంగ్లండుని గెలిచిన కథని బొమ్మల్లో చెప్పేది. దానికి రెండు పేరాలు ఇచ్చి, "11వ శతాబ్దంలో నేసిన అద్భుత వస్త్రం" అన్నావు. 'నేసిన' దగ్గర నేను ఆగిపోయాను. ఇరవై ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో నేనూ అచ్చంగా అదే మాట రాశాను. వారం తిరక్కుండా చీరాల నుంచి ఒక చేనేత పెద్దాయన కార్డు రాశాడు. "అయ్యా, పడుగూ పేకతో పాటే బొమ్మ మగ్గం మీద దిగితే అది నేత. తయారైన గుడ్డ మీద సూదితో వేస్తే అది కుట్టుపని. తమరు చెప్పేది రెండోదిలా ఉంది. దయచేసి కలపకండి." ఆయన ఫ్రాన్స్ చూడలేదు, ఆ బట్టా చూడలేదు. నా వ్యాసం చదివే పట్టేశాడు. ఫ్రెంచివాళ్ళు కూడా దాన్ని తాపిస్రీ అనే అంటారు, అంటే మగ్గం మీద బొమ్మలు దించిన నేత అని. అది వాళ్ళకి అలవాటైపోయిన తప్పు. మనం అరువు తెచ్చుకోవాల్సిన పనిలేదు.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఏముంటుందో చెబుతాను, నువ్వు అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డావో నాకు తెలీదు గనక. తొమ్మిది ముక్కలు కలిపి కుట్టిన నారబట్ట అది. పొడవు దాదాపు 70 మీటర్లు, ఎత్తు మాత్రం అర మీటరే. దారం ఉన్నిది. ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి తీశారు. నీలం మన నీలిమందు కాదు, యూరప్‌లో పెరిగే వోడ్ అనే మొక్క ఆకుది. బొమ్మల అంచులూ అక్షరాలూ కాడకుట్టుతో వేశారు. గుర్రం ఒళ్ళు నింపాలనుకో, పొడుగు దారాలు పక్కపక్కనే పరిచి, వాటి మీద అడ్డంగా ఎడంఎడంగా ఇంకో వరస వేసి, ఆ అడ్డదారాల్ని చిన్న చిన్న కుట్లతో బిగించారు. ఉన్ని దాదాపు అంతా ముందువైపే కనిపిస్తుంది, వెనక్కి పోయేది తక్కువ. కుట్టినవాళ్ళు దారం ఆదా చేయడం తెలిసిన ఆడవాళ్ళని నాకు అనిపిస్తుంది. దీనికి సాక్ష్యం అడక్కు, మా అమ్మ స్వెట్టర్లు అల్లేది.

ఎవరు కుట్టించారు? ఊళ్ళో శతాబ్దాలుగా చెప్పుకునేది, విలియం భార్య మటిల్డా రాణి కుట్టిందని. పండితులు ఎక్కువమంది ఒప్పుకునేది వేరు. విలియం సవతి తమ్ముడు ఓడో బాయోకి బిషప్పు. అతను 1070ల్లో ఇంగ్లండులో కుట్టించి ఉంటాడని వాళ్ళ లెక్క. నువ్వు రాణి కథని 'కట్టుకథ' అని ఒక్క మాటతో తోసేశావు. అలా చేయకు. ఊరు ఏం నమ్మిందన్నది కూడా ఊరి చరిత్రే. నమ్మకాన్ని నమ్మకమని చెప్పి ఉంచు, చాలు.

ఓడో కుట్టించాడనుకుంటే ఒక తమాషా ఉంది, నీ వ్యాసంలో అది లేకపోవడం నాకు బాధేసింది. ఆ బట్ట మీద బాయో ఊరు ఒక్కచోట కనిపిస్తుంది. లాటిన్‌లో బాగియాస్ అని రాసి, మట్టిదిబ్బ మీద కోట బొమ్మ వేశారు. దాని పక్కనే, తర్వాత ఇంగ్లండు రాజైన హెరాల్డ్ పవిత్ర అవశేషాలున్న రెండు పెట్టెల మీద చెరో చెయ్యీ పెట్టి విలియంకి ప్రమాణం చేస్తుంటాడు. కథంతా ఆ ప్రమాణం మీదే నిలబడింది. మాట తప్పి తనే రాజయ్యాడు గనకే 1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్ దగ్గర చచ్చాడని విలియం వర్గం వాదన. అయితే ఆ కాలం చరిత్రకారులు ప్రమాణం జరిగిన చోటుగా వేరే ఊళ్ళ పేర్లు చెప్పారు. బాయో అని చెప్పేది ఈ బట్టే, దాన్ని కుట్టించింది బాయో బిషప్పే! యుద్ధం బొమ్మలో ఓడో తనని కూడా వేయించుకున్నాడు, చేతిలో దుడ్డుకర్రతో కుర్రాళ్ళకి ధైర్యం చెబుతుంటాడు. డబ్బు పెట్టినవాడు బొమ్మలోకి వచ్చి నిలబడటం మన శాసనాల్లోనూ చూస్తాం. సాక్ష్యం ఎవరి ఖర్చుతో తయారైందో నువ్వు ఒక వాక్యంలో చెప్పి ఉంటే, పాఠకుడు అక్కడ కాస్త నిటారుగా కూర్చునేవాడు.

తోకచుక్క గురించి రాశావు, హెరాల్డ్ కంట్లో బాణం గురించి రాశావు. వాటి గురించి అందరూ రాస్తారు. పైగా ఆ బాణం దగ్గర తర్వాతి కాలంలో మరమ్మతులు జరిగాయి, 18వ శతాబ్దపు నకలు బొమ్మల్లో అది వేరేగా ఉంది. గట్టిగా చెప్పకు. నేనైతే యుద్ధానికి కొంచెం ముందుకెళ్ళి అక్కడ ఆగుతాను. ఇద్దరు మనుషులు కాగడాలతో ఒక ఇంటికి నిప్పు పెడుతుంటారు. కింద ఒక ఆవిడ పిల్లాడి చెయ్యి పట్టుకుని బయటికి వస్తూ ఉంటుంది. పైన 'ఇక్కడ ఇల్లు తగలబడుతోంది' అన్న అర్థంలో మూడు లాటిన్ మాటలు. ఆవిడ పేరు లేదు. రాజులూ బిషప్పులూ గుర్రాలూ వందల్లో ఉన్న ఆ బట్ట మధ్యభాగంలో ఆడవాళ్ళు ముగ్గురే, అందులో ఈవిడ ఒకతె. గెలిచినవాళ్ళ బట్ట మీద ఈవిణ్ణి ఎందుకు కుట్టారు? నాకు ఇప్పటికీ జవాబు లేదు.

ఇప్పుడు నేను ముందు చెప్పిన 'పోవాల్సిన రోజుల' దగ్గరికి వస్తాను. ఈ బట్ట మొదటిసారి కాగితం మీదకెక్కింది 1476లో, కెథెడ్రల్ సామాన్ల జాబితాలో. ఏటా పండగ రోజుల్లో గోడల చుట్టూ కట్టేవారట. తర్వాత 1792, ఫ్రెంచి విప్లవం రోజులు. సైన్యం బండి మీద సామాను కప్పడానికి గుడ్డ కావాల్సి వచ్చి, దీన్ని తెచ్చి కప్పేశారు. మనవాళ్ళు ధాన్యం బండి మీద టార్పాలిన్ వేసినట్టు. బండి కదలబోతుంటే లంబేర్ లెయొనార్ లఫోరెస్త్యే అనే లాయరు అడ్డం పడి దాన్ని వెనక్కి తీసుకున్నాడు. రెండేళ్ళకి ఉత్సవ శకటం అలంకరించడానికి ముక్కలు చేయబోతే మళ్ళీ ఊరివాళ్ళే ఆపారు. 1803లో నెపోలియన్ పారిస్ తెప్పించుకుని జనానికి చూపించాడు, ఇంగ్లండు మీద దండెత్తే ఆలోచనలో ఉన్నాడు మరి. ఆ తర్వాత కొన్నేళ్ళు ఊళ్ళో దాన్ని చుట్టచుట్టి, చూడ్డానికొచ్చిన వాళ్ళకల్లా చేత్తో తిప్పే మర మీద విప్పి చూపించారు, చివరలు నలిగిపోయాయి. కథ ముగింపు ముక్క ఇప్పుడు లేనే లేదు. 1941లో నాజీల పరిశోధక ముఠా ఒకటి దాన్ని పరిశీలించి పోయింది. 1944లో దాన్ని పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి తరలించారు. ఆగస్టులో పారిస్ చేజారిపోతున్న వేళ నాజీ నాయకుడు హిమ్లర్ మనుషులు దానికోసం వచ్చేసరికి లూవ్ర్ ఫ్రెంచి ప్రతిఘటన దళాల చేతిలో ఉంది. నీ వ్యాసంలో ఈ మొత్తానికి ఎంత చోటిచ్చావో తెలుసా? "అనేక ఆటుపోట్లను తట్టుకుని." మూడు మాటలు. లఫోరెస్త్యే పాపం ఆ మూడు మాటల కింద పడి నలిగిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధం పేరా కూడా అంతే. బాయో 1944 జూన్ 7న, నార్మండీ తీరంలో సైన్యాలు దిగిన మర్నాడే, విముక్తి అయ్యిందని రాసి ఊరుకున్నావు. జర్మన్లు అప్పటికే ఊరు వదిలేశారు, వీధుల్లో పోరాటమే పెద్దగా జరగలేదు. అందుకే ఊరు మిగిలింది. 30 కిలోమీటర్ల అవతల కాన్ నగరం నేలమట్టమైంది. ఆ నగరం పేరు నీ వ్యాసంలో ఒక్కసారి కూడా రాలేదు. కాన్ గురించి చెప్పకుండా బాయో వీధుల అందం ఎలా చెబుతావు?

ఇంకో చిన్న విషయం. ఆ పాత వీధులు ఎంత ఇరుకంటే సైన్యం లారీలూ ట్యాంకులూ పట్టలేదు. బ్రిటిష్ ఇంజనీర్లు ఊరి చుట్టూ హడావుడిగా కొత్త రోడ్డు వేశారు. ఇప్పటి బైపాస్ బులెవార్లు అవే. నువ్వు స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడుస్తూ అలాంటి రోడ్డు ఒకటి దాటే ఉంటావు, సిగ్నల్ కోసం విసుక్కుంటూ.

జూన్ 14న ఫ్రెంచి నాయకుడు దగోల్ ఇక్కడికి వచ్చి మాట్లాడి, తన అధికారిని ఇక్కడే కూర్చోబెట్టాడు. ఫ్రాన్సుని మిత్రరాజ్యాల సైన్యం కాదు, ఫ్రెంచివాళ్ళే పాలిస్తారని చెప్పడం అది. 1946లో మళ్ళీ వచ్చి ఎలాంటి రాజ్యాంగం కావాలో చెప్పాడు. ఇది నువ్వు బాగానే రాశావు, ముట్టుకోకు.

ఆ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల శ్మశానం దగ్గర మాత్రం తొందరపడ్డావు. 4,648 సమాధులని అంకె ఇచ్చావు, సరే. అందులో నాలుగు వందలకు పైగా జర్మన్లవని చెప్పలేదు. రోడ్డుకి అటువైపు స్మారకం ఉంది, సమాధి దొరకని 1,800 మందికి పైగా సైనికుల పేర్లతో. దాని నెత్తిన ఒక లాటిన్ వాక్యం: ఒకప్పుడు విలియం చేతిలో ఓడినవాళ్ళం మేం, ఇప్పుడు ఆ విజేత పుట్టిన దేశాన్ని విడిపించాం అని. 1066 కథ చెప్పే బట్ట, 1944 కథ చెప్పే రాయి ఒకే ఊళ్ళో ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి. నీ వ్యాసానికి వెన్నెముక అక్కడుంది. నువ్వు దాన్ని ఏడో పేరాలో "మరో ఆకర్షణ" అన్నావు. శ్మశానాన్ని ఆకర్షణ అనడం ఏమిటమ్మా!

దానికి దగ్గర్లోనే 1944 నుంచి విధి నిర్వహణలో చనిపోయిన విలేకర్ల పేర్లు ఏడాది వారీగా చెక్కిన తెల్లటి రాళ్ళున్నాయి. 1994 నుంచి యుద్ధవార్తలు రాసేవాళ్ళకి ఆ ఊరు ఏటా బహుమతి ఇస్తోంది. నువ్వు రాసే మనిషివి, ఆ రాళ్ళ మధ్య పావుగంటైనా నడవాల్సింది.

లేసు గురించి ఒక్క మాట. "మన నరసాపురం లేసు లాంటిదే" అన్నావు. కాదు. నరసాపురంలో క్రోషా సూదితో అల్లుతారు. బాయోది దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్క కండెలకు చుట్టిన దారాల్ని ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ అల్లేది. పోలిక పెడితే తెలుగువాళ్ళకి దగ్గరవుతుందని నీ ఆశ. నాకూ ఉండేది. చీరాల పెద్దాయన కార్డు తర్వాత తగ్గింది.

కెథెడ్రల్ పక్కన 1797లో నాటిన ప్లేన్ చెట్టు ఉంది, విప్లవకాలపు స్వేచ్ఛావృక్షం. దాని గురించి నువ్వు రాసిన వాక్యం, "చెట్టు కింద కూర్చున్న తాత ఆకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు", ఈ వ్యాసం మొత్తంలో నువ్వు నిజంగా చూసి రాసింది అదొక్కటే. అక్కడి నుంచి మొదలుపెట్టు. రోమన్లు తర్వాత వస్తారు, వాళ్ళకేం తొందర లేదు.

మళ్ళీ వెళ్ళాలంటే మ్యూజియం మూసేశారు కదా అంటావేమో. నిజమే, 2025 సెప్టెంబర్ నుంచి కొత్త భవనం పనుల కోసం మూసేశారు. బట్టని 2026 సెప్టెంబర్ నుంచి 2027 జూలై దాకా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పెట్టేలా ఒప్పందమైంది. అంత నాజూకైన బట్టని కదిలిస్తారా అని ఫ్రాన్సులో పిటిషన్ కూడా పెట్టారు. బట్ట లేనప్పుడే వెళ్ళు. టూరిస్టులు పల్చగా ఉంటారు, ఊరివాళ్ళు మాట్లాడతారు. బట్ట కదలడం గురించి బేకరీలో ఏమనుకుంటున్నారో అడుగు. నీ ఫ్రెంచి నీ టెన్షన్ అంత అధ్వాన్నంగా ఏం లేదు.

పారిస్ సెయింట్ లజార్ స్టేషన్ నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టికెట్ డబ్బులు మీ అన్నయ్యకి ఇచ్చాను, నీకు పంపిస్తాడు. వద్దని మెసేజ్ పెట్టకు. ఈసారి ఫోటోలు తగ్గించి నోటుబుక్కు తీసుకెళ్ళు. తిరిగొచ్చాక మొదటి పేరా మాత్రం పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు