సేలం కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. నీకు వాక్యం వచ్చు, ఆ విషయంలో నాకే అనుమానమూ లేదు. నా ఇబ్బంది వేరు. 1692లో మసాచుసెట్స్‌లో, మంత్రగత్తెలన్న ఆరోపణతో ఇరుగుపొరుగునే విచారించి చంపిన ఆ పల్లెలో ఉన్నవాళ్ళందరినీ నువ్వు పిచ్చెక్కిన జనంగా రాశావు. ‘సామూహిక ఉన్మాదం’ అన్న మాట పేజీ పేజీకీ కనిపిస్తోంది. వ్యాసంలో అయితే ఆ మాట పనికొస్తుంది. కథలో అది వచ్చిందంటే మనుషులు కనబడడం మానేస్తారు. పిచ్చివాళ్ళను చూస్తే పాఠకుడికి జాలి వేస్తుంది, భయం వెయ్యదు. సేలంలో భయం వెయ్యాల్సిన సంగతి ఏమిటంటే, ఆ పని చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, రోజూ ప్రార్థన చేసుకునేవాళ్ళు, ప్రతి వారంటు మీదా తేదీ వేసి సంతకం పెట్టినవాళ్ళు.

బోస్టన్‌లో ఉంటున్నావు కాబట్టి ముందు ఒక పని చెయ్యి. నువ్వు చూసొచ్చిన సముద్రపు ఒడ్డు సేలం అప్పటి సేలం పట్నం. గొడవ మొదలైంది సేలం పల్లెలో. దాన్ని ఇప్పుడు డాన్వర్స్ అంటున్నారు. మంత్రగత్తె అని ఉరితీసిన రెబెక్కా నర్స్ ఇల్లు అక్కడ ఇంకా ఉంది. వెళ్ళి చూడు. పొరుగింటికీ ఆ ఇంటికీ ఎంత దూరమో, చర్చికి నడిచి వెళ్ళాలంటే ఎంతసేపు పడుతుందో కాళ్ళతో తెలుసుకో.

ఆ తర్వాత వాళ్ళ టెన్షన్ వాళ్ళకి ఇచ్చెయ్యి. ఉత్తరాన మెయిన్ అనే ప్రాంతపు సరిహద్దులో స్థానిక తెగలతో యుద్ధం నడుస్తోంది. ఇళ్ళు తగలబడి, అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు ఈ ఊళ్ళలో పనిపిల్లలుగా బతుకుతున్నారు. ఆరోపణలు చేసిన మెర్సీ లూయిస్ అలా వచ్చినదే. 1684లో కాలనీ చార్టర్, అంటే పాలనకు ఇచ్చిన హక్కుపత్రం, రద్దయింది. కొత్త చార్టర్‌తో గవర్నర్ విలియం ఫిప్స్ దిగింది 1692 మే నెలలో. ఆయన వచ్చేసరికే జైళ్ళు నిండిపోయాయి. ఊళ్ళో చూస్తే పాస్టరు శామ్యూల్ పారిస్‌కి జీతం ఇవ్వాలా వద్దా, వంటచెరకు ఎవరు తోలాలి అని రెండు వర్గాలు. ఆ పాస్టరు ఇంట్లోనే తొమ్మిదేళ్ళ కూతురు బెట్టీకీ, ఆ ఇంట్లోనే ఉండే బంధువుల పిల్ల, పదకొండేళ్ళ అబిగైల్‌కీ మూర్ఛలు వచ్చాయి. ఇవన్నీ నువ్వు ఒక పేరాలో ‘నేపథ్యం’ అని దాటేశావు. కథకి నేల ఇదేనమ్మా.

రెండు తప్పులు వెంటనే దిద్దు. నీ రెండో అధ్యాయం చివర మంటలున్నాయి. సేలంలో ఎవరినీ కాల్చలేదు. ఇంగ్లీషు చట్టంలో మంత్రవిద్యకు శిక్ష ఉరి. 19 మందిని ఉరితీశారు, 14 మంది ఆడవాళ్ళు, అయిదుగురు మగవాళ్ళు. జ్యూరీ విచారణకు ఒప్పుకోనని మొండికేసిన జైల్స్ కోరీ అనే ముసలాయన మీద రాళ్ళు పేర్చి నొక్కి చంపారు. కనీసం అయిదుగురు జైల్లోనే పోయారు. ఇక టిటుబా. పారిస్ ఇంట్లో బానిస ఆమె. ఆఫ్రికా మంత్రాలు నేర్పే నల్లజాతి స్త్రీగా రాశావు. ఆనాటి కోర్టు కాగితాలు ఆమెను ఇండియన్ అనే రాశాయి. పిల్లల మూత్రం కలిపిన రై పిండి రొట్టె చేసి కుక్కకు పెడితే మంత్రగత్తె ఎవరో తెలుస్తుందని సలహా ఇచ్చింది కూడా టిటుబా కాదు, పొరుగునున్న మేరీ సిబ్లీ అనే ఇంగ్లీషావిడ. మన బాణామతి కథల్లోని సామగ్రి కూడా అక్కడికి తీసుకెళ్ళకు. నిమ్మకాయలూ బొమ్మలూ పోలి ఉన్నాయని నీకు అనిపించవచ్చు. ప్యూరిటన్లకు, అంటే ఆ ఊళ్ళో ఉన్న కఠిన నిష్ఠగల క్రైస్తవులకు, అసలు నేరం సైతానుతో ఒప్పందం, వాడి పుస్తకంలో సంతకం.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచుకున్నది. ఆ కథ కీలకం అరుపుల్లో లేదు, ఒప్పుకోలులో ఉంది. మార్చి 1, 2 తేదీల విచారణలో టిటుబా నల్ల కుక్క గురించీ, పసుపు పిట్ట గురించీ, సైతాను పుస్తకంలో తొమ్మిది గుర్తుల గురించీ చెప్పింది. ఒప్పుకుంది, బతికింది. తర్వాత 50 మందికి పైగా అదే దారి పట్టారు. ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్ళలో ఒక్కరినీ ఉరితీయలేదు. శామ్యూల్ వార్డ్‌వెల్ ఒప్పుకున్నాడు, తర్వాత అబద్ధం చెప్పానని వెనక్కి తీసుకున్నాడు, ఉరికంబం ఎక్కాడు. అంటే అబద్ధం చెబితే ప్రాణం దక్కుతుంది. దేవుడి మీద నమ్మకం ఉన్న మనిషికి ఇది ఎలాంటి బేరమో ఆలోచించు. అబద్ధం ఆడితే ఈ బతుకు మిగులుతుంది, ఆత్మ పోతుంది. నీ పాత్రలు దేవుణ్ణి నిజంగా నమ్మకపోతే ఈ సన్నివేశమే లేదు. వాళ్ళ నమ్మకాన్ని చిన్నచూపు చూసే రచయితకు మేరీ ఈస్టీ అర్థం కాదు. తాను చావాల్సిందేనని తెలిసీ, ఇక మీదట అమాయకుల రక్తం చిందకుండా చూడండని న్యాయమూర్తులకు అర్జీ రాసుకుంది ఆవిడ.

రెబెక్కా నర్స్ ఈ మేరీ ఈస్టీకి అక్క. 71 ఏళ్ళు, చెవుడు. ఊరంతా గౌరవించే మనిషి. ఆమె మంచిదని పొరుగువాళ్ళు 39 మంది సంతకాలు పెట్టారు. జ్యూరీ ‘నిర్దోషి’ అంది. ఆ మాట వినగానే ఆరోపణ చేసినవాళ్ళు గోల పెట్టారు. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ జ్యూరీని ఒక విషయం గుర్తు చేసుకోమన్నాడు. డెలివరెన్స్ హాబ్స్ అనే ఖైదీని లోపలికి తెచ్చినప్పుడు రెబెక్కా ‘ఈమె మాలో మనిషే’ అంది కదా, దానర్థం ఏమిటి? జ్యూరీ పెద్ద వచ్చి ఆమెనే అడిగాడు. ఆమె పలకలేదు. జ్యూరీ ‘దోషి’ అంది. తనకు సరిగ్గా వినబడలేదనీ, తోటి ఖైదీ అన్న అర్థంలోనే ఆ మాట అన్నాననీ ఆమె తర్వాత చెప్పుకుంది. జూలై 19న ఉరితీశారు. దీనికి ఏ ఉన్మాదమూ అక్కర్లేదు. వినబడని ఒక ప్రశ్న, మళ్ళీ అడగని ఒక మనిషి, అంతే. నువ్వు నవల మొత్తం దీని చుట్టూ అల్లినా నాకు అభ్యంతరం లేదు.

ఆమె కంటే ముందే పట్టుబడ్డ సారా గుడ్‌ని కూడా మర్చిపోకు. ఇల్లిల్లూ తిరిగి అడుక్కునేది, లేదంటే గొణుక్కుంటూ వెళ్ళేది. ఆమె మంత్రగత్తె అయినా అయుండాలి, లేదా త్వరలోనే అవుతుందని విచారణలో చెప్పింది సొంత మొగుడే. వాళ్ళ కూతురు డొరొథీకి నాలుగైదేళ్ళు. ఆ పిల్లను కూడా గొలుసులతో కట్టి నెలల తరబడి జైల్లో ఉంచారు. ఆ తండ్రే 1710లో పరిహారం కోరుతూ, పిల్లకు మతి నిలవడం లేదని రాసుకున్నాడు. ఆ మనిషిని విలన్ చెయ్యాలని నీకు చెయ్యి దురద పెడుతుంది. చెయ్యకు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, మధ్యలో ఆ 18 ఏళ్ళు అతను ఎలా బతికి ఉంటాడో ఊహించు. కల్పనకు చోటు ఉన్నది అక్కడే.

మూర్ఛలకు కారణం పాడైన ధాన్యమని ఒక వాదం ఉంది. చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. నీ మూడో అధ్యాయం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. తీసెయ్యి. ధాన్యం వారంటు రాయదు, ‘ఆమె ఆకారం వచ్చి నా గొంతు నులిమింది’ అన్న మాటను సాక్ష్యంగా తీసుకోదు.

ముగింపు గురించి అడిగావు. 1706లో యాన్ పుట్నమ్ చర్చిలో నిలబడి ఉండగా ఆమె క్షమాపణ చదివి వినిపించారు. పన్నెండేళ్ళప్పుడు ఎందరి మీదో వేలు చూపించిన పిల్ల. సైతాను తనను మోసం చేశాడని అంది, రెబెక్కా కుటుంబాన్ని పేరు పెట్టి క్షమించమంది. ‘అబద్ధం చెప్పాను’ అని మాత్రం అనలేదు. నీ చిత్తులో ఆమె చేత ఆ మాట అనిపించావు. కొట్టెయ్యి. ఆమె అన్నంతవరకే అననీ.

డాన్వర్స్ వెళ్ళొచ్చాక రెబెక్కా విచారణ రోజు నుంచి మొదలుపెట్టి కొత్తగా ఒక అధ్యాయం రాసి పంపు. పాతవి దిద్దుతూ కూర్చోకు. ఈ నెలాఖరుదాకా నేను ఇంటి దగ్గరే ఉంటాను, పంపగానే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు